రాతిదీవి దగ్గర తెప్ప

హుద్‌హుద్ తుపాను రోజున ధనరాజ్ తెప్పతో సహా సముద్రంలో కలిసిపోయాడు. శవం దొరకలేదు. పదో రోజున తల్లి నారాయణమ్మ పెద్దకొడుకుని నిలదీసింది. "తమ్ముణ్ని తెస్తావో, పిండమే పెడతావో తేల్సీరా, సోములూ."

ఆ రాత్రి సోములు ఒంటరిగా, తమ్ముడు వేటకెళ్లే రాతిదీవి దాకా తెడ్డేసుకుంటూ వెళ్లాడు.

ఎప్పుడో తెల్లదొరల యుద్ధంలో ఆ దీవి కోసం ఓడలు కొట్టుకున్నాయని తాత చెప్పేవాడు. ఇప్పుడు ఆ ఓడలే ఎదురుగా ఫిరంగులు పేలుస్తున్నాయి. ఆకాశమంతా వెలుగు, చప్పుడు మాత్రం లేదు. నీళ్లనిండా మనుషులు. వాళ్లను ధనరాజ్ ఒక్కొక్కరినే తన తెప్ప మీదికి లాగుతున్నాడు. ఎందరెక్కినా తెప్ప నిండడం లేదు.

"ఒరే, ఇంటికి రారా! అమ్మ ఏడుస్తంది."

"ఏటన్నా, కళ్లు కనపడ్డం నేదా? ఇంతమంది మునుగుతన్నారు. అయ్యాక వస్తాను."

సోములు చేతులెత్తి మొక్కాడు.

ధనరాజ్‌కి ఇంతవరకు పిండం పెట్టలేదు.