పాత బంతి

కోర్టు వెనక గోడ మీంచి గ్యాలరీలోకి ఎగిరొచ్చిన స్క్వాష్ బంతిని పట్టుకున్న పెద్దాయన దాన్ని వెంటనే తిరిగివ్వలేదు.

వేళ్లతో నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ నొక్కాడు.

కోచ్‌కి ఒళ్లు మండింది. కాసేపట్లో ఫైనల్. ఆడేది సొంత మేనకోడలు. గెలిస్తే జాతీయ జట్టులో చోటు. ఓడితే వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

"ఏంటండీ, బంతితో మీకేం పని?"

"ఇది మార్చండి. అతుకు దగ్గర మెత్తబడింది. ఆట మధ్యలో పగులుతుంది."

కోచ్ బంతి లాక్కున్నాడు. ఈయనే మార్చేశాడేమోనని తిప్పి చూశాడు. పోటీ బంతికి ఉండాల్సిన రెండు పసుపు చుక్కలూ ఉన్నాయి. అతుకు ఎక్కడా విడినట్టు లేదు.

పోటీ ఎవరి క్లబ్బులో జరిగితే బంతి వాళ్లే ఇవ్వడం అక్కడి పద్ధతి. మేనకోడలి చేతికి అలవాటైందని కోచ్ ఏరికోరి తెచ్చిన పాత బంతి అది. సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు.

"కొత్త బంతి చల్లగా ఉంటుంది, పైకి లేవదు. మా పిల్లదేమో బలంగా కొట్టే ఆట. అది తెలిసే చెప్తున్నారు కదూ?"

"అందుకే ఇప్పుడే మార్చమంటున్నా. కొట్టి వేడి చేసుకోడానికి ఇంకా టైముంది."

"అవతలివాళ్లు పంపారా మిమ్మల్ని?"

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"చూశావా, ఎలా నీళ్లు నములుతున్నాడో!" అన్నాడు కోచ్, మేనకోడలి వైపు తిరిగి.

"ఒకసారి చూడకూడదూ మామయ్యా?"

"నువ్వు ఆట మీద ధ్యాస పెట్టు. ఇలాంటి వేషాలు చాలా చూశాను."

ఆట మొదలైంది. మేనకోడలు చెలరేగిపోయింది. ఇంకో రెండు పాయింట్లు వస్తే గెలుపే.

ఫట్‌మని బంతి పగిలింది.

రిఫరీ కొత్తది ఇచ్చాడు. ఇద్దరూ నాలుగు దెబ్బలు కొట్టి వేడి చేసుకున్నారు కానీ అది మేనకోడలి చేతికి లొంగలేదు. కొట్టిన బంతల్లా ముందు గోడ అడుగునున్న రేకుకే తగిలి పాయింటు పోయింది. అవతలి అమ్మాయి మెత్తగా, ముందు గోడ దగ్గరే పడేలా వేసి వేసి గెలిచేసింది.

మేనకోడలు గోడకి ఆనుకుని ఏడ్చేసింది. కోచ్‌కి తల కొట్టేసినట్టయింది.

'మన మేలు కోరి చెప్పిన మనిషిని దొంగని చూసినట్టు చూశాను. కాళ్లు పట్టుకునైనా క్షమించమనాలి' అనుకుంటూ గ్యాలరీకి పరుగెత్తాడు.

పెద్దాయన మెట్లు దిగుతున్నాడు. కోచ్ పిలిచేలోపే, గెలిచిన అమ్మాయి "నాన్నా!" అంటూ వెళ్లి ఆయన్ని వాటేసుకుంది.