బొట్టు పెట్టిన కవరు

మా చెల్లె వనజ ఉట్నూర్ నుంచి గ్రాంటు దరఖాస్తు కవరు పట్టుకుని వచ్చింది.

మా ఇంట్లో ముఖ్యమైన కాగితమేదైనా, అందరికంటే పెద్దదాన్నని నేనే దేవుని దగ్గర పెట్టి, బొట్టు పెట్టాకే పోస్టుకు వెళ్తుంది. వనజ సంఘం ఒంటరి ఆడవాళ్ల భూమి పట్టాల కోసం కొట్లాడుతుంది. వకీలును పెట్టుకోవడానికి పోయిన ఏడు కూడా ఇట్లాగే కవరు నాకిచ్చి పోయింది. హుస్నాబాద్‌లో నేను నడిపే నేత ఆడవాళ్ల సంఘం కూడా అదే గ్రాంటుకు పెట్టుకుంది. ఇచ్చేది ఒక్కరికే. మాకు వచ్చింది.

"మాది రాకుంటేంది, నీది వచ్చె గదా పెద్దక్కా. మనింట్లకే వచ్చినట్టు," అని నవ్వింది వనజ.

"మరి మీ ఆడవాళ్లు?"

"ఇద్దరి భూములు పోయినయి. ఇంకొకామెకు కోర్టు తారీఖు దగ్గరికొచ్చింది. ఈసారన్నా నీ దేవుడు మా దిక్కు జర చూస్తడేమో."

నా చేతిలో జపమాల ఆగిపోయింది.

"కవరు ఇటియ్యి, నేను పెడ్త."

"నువ్వు కూసో అక్కా, మోకాళ్ల నొప్పులాయె," అంటూ తనే దేవుని గదిలోకి వెళ్లి లక్ష్మీదేవి పటం ఎత్తింది.

పటం కింద పోయిన ఏటి కవరు ఉంది. తను అంటించిన స్టాంపులు అట్లాగే ఉన్నాయి. పంపడానికి నాకు మనసు రాలేదు, చింపడానికి చేతులు రాలేదు.

వనజ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది.

"పంపకపోతివి, సరే. మరి దీనికి బొట్టెందుకు పెట్టినవక్కా?"