ఎవరింటి కారం

"పిల్లని మిరప కల్లంలో వదిలేస్తే కళ్లలో కారం పడక తేనె పడుద్దా?" కౌన్సెలింగ్ గదిలో అడుగు పెడుతూనే అరిచింది సిద్దికా.

"కల్లం దగ్గరికి దాన్ని రానిస్తేగా! తొడిమలు తీసే పనికి పోయొచ్చి, ఆ చేతుల్తోనే అన్నం పెట్టేది నువ్వు," రంజాన్ అంతకన్నా గట్టిగా అన్నాడు.

వాళ్లిద్దరి మధ్య కుర్చీలో ఎనిమిదేళ్ల ఉజ్మా. ఎడమ కంటికి కట్టు, కుడి కన్ను చింతనిప్పు. విడాకుల కేసు తేలేదాకా పిల్ల శని, ఆదివారాలు నాన్న దగ్గర ప్రత్తిపాడులో, మిగతా రోజులు అమ్మ దగ్గర గుంటూరులో ఉంటోంది. ఒకరి గడప ఒకరు తొక్కరు కాబట్టి తెలిసిన ఆటోలో ఎక్కించి పంపేస్తారు. ఈమధ్య ఇల్లు మారినప్పుడల్లా కళ్లలో కారమే. ఇంకోసారి పడితే చూపు పోతుందని డాక్టరు చెప్పేశాడు.

"ఎవరింట్లో పడతందో తేల్చండి మేడం. ఆ ఇంటికి పంపొద్దని కోర్టుకి రాయండి," అంది సిద్దికా.

"రాయండి. నేననేదీ అదే," అన్నాడు రంజాన్.

ఏడాదిగా ఆ ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. పిల్ల మీద బెంగ లేదని కాదు, ఉంది. తప్పు అవతలివాళ్లదే కావాలన్న పంతం మాత్రం అంతకన్నా పెద్దది. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరగడమంటే ఇదే.

విడిపోయినా సరే, పిల్ల కోసం వారానికోసారి ఇక్కడ కలిసి కూర్చోండని కౌన్సెలర్ రాగసుధ మొదట్లోనే చెప్పింది. దాని మొహం చూడనని ఒకరు, వాడి మొహం చూడనని ఒకరు విడివిడిగా వచ్చి పోయారు. ఇవాళ డాక్టరు గట్టిగా చెబితే కలిసి వచ్చారు.

రాగసుధ ఇద్దర్నీ బయట కూర్చోబెట్టి తలుపేసింది. ఉజ్మా కుర్చీ పక్కనే కింద కూర్చుంది.

"బాగా మండుతోందా తల్లీ?"

తలూపింది.

"నువ్వేం చెప్పినా నేనెవర్నీ తిట్టను. అమ్మావాళ్లింట్లో పడిందా?"

"ఊహూ."

"అయితే నాన్న దగ్గరా?"

"ఊహూ."

"మరెక్కడ?"

"ఆటోలో."

"ఆటోలో నీ కళ్లలో కారం ఎవరు కొట్టారమ్మా?"

ఉజ్మా తలుపు వైపు భయంగా చూసి, గౌను జేబులోంచి నలిగిన ఎండుమిరపకాయ తీసి ఆమె చేతిలో పెట్టింది. రాగసుధ ఆ చిన్న వేళ్లు విప్పి చూసింది, కొసలన్నీ కారమే. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఇంత మంట ఎందుకమ్మా నీకు?"

"ఆస్పత్రిలో కళ్లు కడిగేటప్పుడు అమ్మ ఒక చెయ్యి, నాన్న ఒక చెయ్యి పట్టుకుంటారు మేడం. మంట తగ్గిందంటే వదిలేస్తారు."