కాఫీ డబ్బాలో చీటీ

జనవరిలో ఒక గురువారం, ఉదయం పది గంటలు. చర్చి కింది గదిలో ఆరుగురు ఆడవాళ్ళు బైబిళ్ళు తెరిచి కూర్చున్నారు. అంతలో వాళ్ళలో ఒకరైన మార్లిస్ భర్త వెర్లిన్ బూట్లకు అంటిన మంచుతో మెట్లు దిగి వచ్చాడు.

"మఫ్లర్ కార్లో మర్చిపోయావ్. గొంతు పట్టేస్తుంది," అంటూ తనే ఆమె మెడకు చుట్టి వెళ్ళిపోయాడు.

అందరూ నవ్వారు. ఆర్డిస్ కూడా నవ్వాననిపించుకుంది. చేతిలో కాఫీ మాత్రం చేదెక్కింది.

ఆర్డిస్ భర్త పోయి రెండేళ్ళయింది. మార్లిస్‌కి ఏం తక్కువ? పిల్లలు, మనవలు, విరగబూసే తోట. కౌంటీ సంతలో జామ్ పోటీ పెడితే మొదటి బహుమతి నీలం రిబ్బన్ ఆమెదే. ఇప్పుడు ఈ వయసులో సరాగాలు కూడానా? ఈ చలికాలం నుంచే ఈ వరస. మొన్న కిరాణా కొట్లో యాపిల్స్ దగ్గర నిలబడి మొగుడూ పెళ్ళాలు ఏదో చెప్పుకుని ఒకటే నవ్వు. ఆర్డిస్ ఆ రోజు యాపిల్స్ కొనకుండానే ఇంటికి వచ్చేసింది.

అది చాలదన్నట్టు చీటీ ఒకటి.

ఏటా సెప్టెంబరులో ఆరుగురూ తమ ప్రార్థన విన్నపం ఒక చీటీ మీద రాస్తారు. పేరు ఉండదు. చేతిరాత పోల్చుకోకుండా అచ్చు అక్షరాల్లో రాసి, పాత కాఫీ డబ్బాలో వేస్తారు. తలా ఒకటి తీసుకుని మే నెల దాకా రోజూ ఆ చీటీ కోసం ప్రార్థించాలి. ఎవరిదని అడగకూడదు. మేలో ఆఖరి గురువారం చీటీలన్నీ బల్ల మీద పెడితే, ఎవరిది వాళ్ళు తీసుకుంటారు.

ఆర్డిస్‌కి వచ్చిన చీటీలో ఇలా ఉంది: 'మా ఇంట్లో ఇద్దరమే. ఆయన నాతో మాట్లాడి ఏడాది దాటింది. ప్రభువా, ఒక్క మాట చాలు.'

చదవగానే ఆర్డిస్‌కి ఏడుపొచ్చింది. ఎవరిదో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. లవాన్‌ది. ఆమె భర్త హార్లన్ ఆరాధనలో గుంజలా కూర్చుంటాడు. చర్చి భోజనాలప్పుడు పళ్ళెం ఖాళీ చేసి, కారెక్కి కూర్చుంటాడు.

రోజూ పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా ఆర్డిస్ మోకరించింది. ప్రతి ఆదివారం హార్లన్ నోటి వంక చూసింది. తిండికి తప్ప అది తెరుచుకోలేదు.

ఫిబ్రవరిలో ఆమెకు ఓపిక పోయింది. పాఠం చెప్పే ఓల్గా కప్పులు కడుగుతుంటే పక్కకు వెళ్ళి నిలబడింది. ఓల్గాకి ఎనభై దాటాయి.

"నేను మానేస్తాను ఓల్గా."

"ఏమొచ్చింది?"

"సెప్టెంబరు నుంచీ అడుగుతున్నాను. చిన్న కోరిక. అది ఇవ్వడానికి దేవుడికి చేతులు రావడం లేదు. నిండిన ఇంటికేమో పొర్లిపోయేట్టు పోస్తున్నాడు."

"మార్లిస్ ఇంటికేగా?"

ఆర్డిస్ మొహం కందిపోయింది. "నేను పేరు చెప్పలేదు."

"నీ కళ్ళు చెబుతున్నాయి కదమ్మా ప్రతి గురువారం. ఇంటికెళ్ళి డెబ్బై మూడో కీర్తన చదువు. అది రాసినాయనకీ నీ జబ్బే."

ఆర్డిస్ కోపంగానే చదివింది. ఆయన నిజంగానే ఏదీ దాచుకోలేదు. పక్కవాళ్ళ సుఖం చూసి కుళ్ళుకున్నానన్నాడు. కాలు జారిపోబోయిందన్నాడు. దేవుడి సన్నిధికి వెళ్ళేదాకా మనసు కుదుటపడలేదన్నాడు. మర్నాడు మళ్ళీ చదివింది. ఆ మర్నాడూ చదివింది. మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేది, సింకులో గిన్నెలు సర్దేది, మళ్ళీ వచ్చి కూర్చునేది. పదకొండు రోజులు అలాగే గడిచాయి.

పన్నెండో రోజు మోకరించి, చీటీ ముందు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"ప్రభువా, మార్లిస్‌ని చూస్తే నాకు కడుపుమంట. నా వల్ల కావడం లేదు. అయినా ఆమెకిచ్చింది తియ్యొద్దు. ఇంకా ఇవ్వు. ఈ చీటీ సంగతి నీకే వదిలేస్తున్నాను. ఇస్తావో, ఎప్పుడిస్తావో నీ ఇష్టం. హార్లన్ నోటి కాపలా ఇంక నేను కాయను."

లేచేసరికి మోకాళ్ళు నొప్పెట్టాయి. మంట పూర్తిగా పోలేదు. ఏప్రిల్లో మార్లిస్, వెర్లిన్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని చర్చి మెట్లు ఎక్కుతుంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంది. అయినా తలుపు తెరిచి పట్టుకుని, వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా నిలబడింది. చీటీ కోసం ప్రార్థన మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

మే ఆఖరి గురువారం వచ్చింది. ఆరు చీటీలూ బల్ల మీద పరిచారు. ఆర్డిస్ తన దగ్గరున్న చీటీని అందరికంటే చివర పెట్టింది. పక్కనే ఉన్న లవాన్ చెవి దగ్గరికి వంగింది.

"నన్ను క్షమించు లవాన్. రోజూ అడిగాను. జవాబు రాలేదు."

"దేనికి?"

"హార్లన్ నీతో మాట్లాడాలని."

లవాన్ ఒక్క క్షణం ఆమె వంక వింతగా చూసి, ఆపుకోలేక నవ్వేసింది.

"మా హార్లనా? మంది మధ్యలోనే తల్లీ ఆ బిగువంతా. ఇంట్లో నన్ను నోరెత్తనిస్తేగా. నా చీటీ ఇదిగో, నా చేతిలోనే ఉంది."

ఆర్డిస్ బల్ల వైపు తిరిగేసరికి, ఆమె పెట్టిన చీటీని రెండు చేతులతో గుండెకు అదుముకుని మార్లిస్ ఏడుస్తోంది.