సాంచలు ఆగిన వేళ

కీడు వచ్చే ముందు దేవుడు భయాన్ని పంపి హెచ్చరిస్తాడా, లేక మనం భయపడటం వల్లే కీడు వస్తుందా?

సోమలింగానికి ఇది ఏళ్ల నాటి సందేహం. రోజూ మార్కండేయుడి పటానికి దండం పెట్టేటప్పుడు అడగాలనుకుంటాడు. అడిగితే స్వామి కోపగించుకుంటాడేమోనని మళ్లీ అదొక భయం.

ఆ సాయంత్రం సాంచలు ఆగిపోయాయి.

సిరిసిల్ల నుంచి వలస వచ్చిన గోడాదరాలో, అతని గది కిందనే సేఠ్ గారి సాంచల కార్ఖానా, అంటే మరమగ్గాలది. చిన్నది. షిఫ్టుకు ఒక్క మనిషే సాంచలన్నీ చూసుకుంటాడు. పగలు సోమలింగం. దీపాలు పెట్టాక, కొత్తగా వచ్చిన ఒక ముసలాయన. పేరు రాజమల్లు అని తప్ప అతని గురించి సోమలింగానికి ఏమీ తెలియదు.

అప్పుడు సోమలింగం కాగితం మడిచి, మూల కత్తిరించి కూతురికి చూపిస్తున్నాడు. సింధూజ ఐదో తరగతి. నవోదయ పరీక్ష దగ్గర పడింది. మడిచిన కాగితం విప్పితే చిల్లులు ఎక్కడ పడతాయో చెప్పాలి. హిందీ పాఠాలు అతనికి రావు గానీ, ఇదొక్కటీ నేర్పగలడు.

కాళ్ల కింద నేల అదరడం మానేసింది.

"సాంచలు ఆగినయ్," అన్నాడు.

"ఆగనియ్," అంది భార్య భాగీరథి, చీరకు లేసు కుడుతూనే. "సాంచ ఆగితే నీ గుండె ఆగుతది."

"కరెంటు ఉన్నది గదనే. బల్బు ఎలుగుతనే ఉంది. మరెందుకు ఆగినయ్?"

ఆమె దారం కొరికి తెంపింది.

అతనికి పడుచుతనంలో లింబాయత్‌లో పని చేసినప్పటి మందీ గుర్తొచ్చింది, బట్టకు గిరాకీ పడిపోయిన కాలం. అప్పుడు కూడా మొదట ఒక పూట సాంచలు ఆగాయి. తర్వాత గల్లీలో గదులు ఖాళీ అయ్యాయి. పని పోతే సిరిసిల్ల వెళ్లిపోవాలి. పరీక్ష మాత్రం ఈ జిల్లాలోనే రాయాలి.

కాసేపటికి సాంచలు మళ్లీ మోగాయి.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే.

సోమలింగం కిందికి దిగాడు. రాజమల్లు పోగు చుట్టే ఖాళీ బీము మీద కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని.

"ఏమైంది కాకా?"

"ఏం గాలే."

"పోగులు తెగినయా?"

"లే."

"మరేంది?"

"జర ఆపిన. నువ్వు మీదికి పో. బిడ్డ కాడ కూసో."

సోమలింగం మెట్లెక్కుతుంటే వెనక నుంచి మళ్లీ గొంతు వినిపించింది.

"పరీక్ష ఎన్నడు?"

 సోమలింగం గబగబా పైకి వచ్చి తలుపు గడియ పెట్టాడు.

"పరీక్ష సంగతి గాయనకెట్ల తెల్సే?"

"గల్లీల ఎవలకు తెల్వదు? నువ్వే చాయ్ బండి కాడ అందరికి చెప్తివి."

"సాంచలు ఖరాబు జేసి పేరు నా మీద పెడ్తడేమో. లేకుంటే పిల్ల మీద కన్నేసిండేమో."

"నీ భయానికి ఓ గుడి గట్టాలె," అంది భాగీరథి. అయినా లేచి గడియ సరిగా పడిందో లేదో చూసింది.

తెల్లవారగానే సోమలింగం సేఠ్‌తో చెప్పేశాడు, మాపటి మనిషి సాంచలు బంద్ పెట్టి కూర్చుంటున్నాడని. సేఠ్ తల ఊపాడు.

ఆ సాయంత్రం షిఫ్టుకు వేరే కుర్రాడు వచ్చాడు. సాంచలు క్షణం కూడా ఆగలేదు. నేల అదురుతూనే ఉంది. సోమలింగం గుండె కుదుటపడింది.

సింధూజ చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. కాగితం చిల్లులు తప్పు చెప్పింది. మళ్లీ తప్పు చెప్పింది.

"బాపూ, తాత రాలేదా?"

"ఏ తాత?"

"కింది తాత. నా సదువు అయ్యేదాక సాంచలు బంద్ పెడ్తడు గదా."

భాగీరథి చేతిలో సూది ఆగింది.

"నీకెవలు చెప్పిండ్రు?" అన్నాడు సోమలింగం.

"మెట్ల కాడ అడిగిండు, ఎట్ల సదువుతున్నవ్ బిడ్డా అని. సాంచల ఆవాజ్‌కు ఏం ఎక్కుతలేదు తాతా అన్న. గప్పటి సంది బంద్ పెడ్తుండు. నీకు తెల్సనుకున్న బాపూ."

సోమలింగం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. రాజమల్లుతో పాటు ఒకే గదిలో ఉండే బిక్షపతి, గల్లీ చివర చాయ్ తాగుతున్నాడు.

"రాజమల్లు కాక ఏడి?"

"ఏడుంటడు? సేఠ్ పొమ్మన్నడు. మాపటి బండికి భీవండి పోయిండు."

"ఫోనన్న చెయ్యే."

"ఫోన్ లేదు ఆయనకు." బిక్షపతి గ్లాసు కింద పెట్టాడు. "సేఠ్‌కు ఒక్క మీటరు తక్కువ జెయ్యలే. తినే వేళ తినకుండ సాంచలు నడిపి నింపేటోడు. ఎవడో పోయి చెప్పిండు."

"నేనే చెప్పిన."

"తెల్సు. ఆయనకు గూడ తెల్సు."

సోమలింగం చాయ్ బండి చెక్క పట్టుకున్నాడు.

"ఎందుకు జేసిండే గిదంత? మేమేమైతం ఆయనకు?"

"శానా ఏండ్ల కింద లింబాయత్‌ల ఉండేటోడట. బిడ్డకు అమ్మవారు పోసి, కింద సాంచల సప్పుడుకు నిద్ర పడ్తలేకుండెనట. ఇంటామె మీదికెల్లి మొత్తుకుంటే, ఆ కార్ఖానాల ఎవడో పడుచు పోరడు, పిల్ల పండేదాక రోజు సాంచలు ఆపిండట. బిడ్డ బతికింది. గప్పుడు రాజమల్లు కాక వేరే దిక్కు పనిల ఉండె, ఆ పోరని మొఖం సూడలే. పేరొక్కటి అడిగి యాది పెట్టుకున్నడు."

లింబాయత్ కార్ఖానాలో, మీది నుంచి ఒక తల్లి పెట్టిన కేక సోమలింగానికి గుర్తొచ్చింది.

"గా పోరని పేరు సోమలింగమట," అన్నాడు బిక్షపతి. "'ఇగ బాకీ తీరింది' అనుకుంటనే బండెక్కిండు."