ఒకటీ యాభై ఎనిమిది

"ఇది మీ టైము కాదు," అంటూ రేసు ట్రాక్ కోచ్ ఎర్ర పెన్నుతో రౌండ్ల టైముల కాగితం మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడ హెల్మెట్ చంకలో పెట్టుకుని ఆ గీత వంక చూసింది. గీత కింద, అన్నిట్లోకీ వేగమైన రౌండు టైము, ఒకటీ యాభై ఎనిమిది ఇంకా కనిపిస్తూనే ఉంది. రెండు నిమిషాల లోపు ట్రాక్ చుట్టి వస్తే మధ్యాహ్నం నుంచి ఫాస్ట్ గ్రూపులో చోటు. ఆ చోటు కోసమే ఆవిడ బండిని ట్రాలీలో వేసుకుని ఇంత దూరం వచ్చింది.

"మరి ఎవరిది సార్?"

"అది మీరే చెప్పాలి. పోయిన నెల రెండూ ఇరవై దాటిన మనిషి, ఈ నెల ఒకటీ యాభై ఎనిమిదా?"

"పోయినసారి వీడియో మీద మీరిచ్చిన కాగితంలోని టైములు అతికించుకుని నెలంతా చూశాను సార్. ఎక్కడెక్కడ పిరికితనంగా బ్రేకు పడుతున్నానో తెలిసొచ్చింది. మానేశాను."

"కథలు చెప్పకండి. మీ చిప్పు ఇంకొకరి బండికి కట్టి తిప్పించారు. వెంట మరిది కూడా ఉన్నాడుగా!"

చిప్పు అగ్గిపెట్టెంత ఉంటుంది. పొద్దున కౌంటర్లో ట్రాక్ మీదికెళ్ళే అందరికీ, నేర్పేవాళ్ళకి కూడా, తలా ఒకటిచ్చి, పేరుకి ఎదురుగా నంబరు రాసుకుంటారు. దాన్ని బండికి కట్టుకుంటే చాలు, రౌండు మొదలయ్యే చోటున్న తెల్లగీత దాటిన ప్రతిసారీ టైమింగ్ రూములోని కంప్యూటర్లో లెక్క పడిపోతుంది.

మరిది ల్యాప్‌టాప్‌ని గుండెకు హత్తుకున్నాడు. "నేనా? నాకు స్కూటరెక్కితేనే కాళ్ళు వణుకుతాయి సార్."

టీ తాగుతున్న రైడర్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఒళ్ళు మండిపోయింది.

"నా హెల్మెట్ మీద కెమెరా ఉంది. ఐదు రౌండ్లూ అందులో ఉన్నాయి. మీ కాగితంలోని టైముల్నీ నా వీడియోనీ జత చేసి అందరి ముందే చూద్దాం. కలిస్తే నా చోటు నాకివ్వాలి."

"కలవకపోతే?"

"మళ్ళీ ఈ గడప తొక్కను."

"వదినా!" అన్నాడు మరిది.

"నువ్వు పెట్టవయ్యా ముందు."

వీడియో మొదలైంది. తెర మీద రోడ్డు పరిగెడుతోంది. మలుపు వచ్చినప్పుడల్లా "ఒంగు తల్లీ, ఒంగు" అని ఆవిడ బండిని బతిమాలడం, మలుపు దాటాక అదే బండిని నానా తిట్లూ తిట్టడం స్పష్టంగా వినిపిస్తున్నాయి. "గొంతు మాత్రం ఆవిడదే," అన్నాడొక రైడరు. కోచ్ కూడా తలూపాడు.

ముందు చక్రం కింద తెల్లగీత మాయమైన చోట మరిది వీడియో ఆపి, కాగితంలోని మొదటి రౌండుని అక్కడి నుంచి మొదలుపెట్టాడు. వీడియోలో బండి చుట్టి వచ్చి గీత దాటేసింది. కాగితం లెక్కలో ఇంకా రెండు సెకన్లు మిగిలే ఉన్నాయి. కాస్త జరిపాడు. రెండో రౌండు కుదిరితే మొదటిది చెడింది. మూడోది కుదిరిస్తే ఆ రెండూ చెడ్డాయి.

"చూశారా!" కోచ్ చేతులు కట్టుకున్నాడు. "వీడియోలో ఈవిడ. కాగితం మీద ఇంకెవరో."

మరిది ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "వదినా, కెమెరా గడియారం చెడిపోయిందని చెప్పి వెళ్ళిపోదాం."

"గడియారం చెడితే అన్ని రౌండ్లూ ఒకేలా తప్పాలి. ఒక్కోటి ఒక్కోలా తప్పుతోంది చూడు. చెయ్యని తప్పుకి తల దించుకుని పోవడం నా వల్ల కాదు. ఆ కాగితం సంగతి వదిలెయ్. నా వీడియోనే కొలువు. గీత నుంచి గీతకి."

మరిది కొలిచాడు. ఒకటీ యాభై తొమ్మిది. యాభై ఏడు. యాభై ఆరు. మళ్ళీ యాభై ఏడు. ఆఖరిది రెండుసార్లు కొలిచి మరీ చదివాడు. ఒకటీ యాభై ఐదు.

రైడర్లు టీ తాగడం మానేసి దగ్గరికి జరిగారు.

"వీడియోని ఎంత వేగంగానైనా తిప్పొచ్చు," అన్నాడు కోచ్.

"తిప్పితే నా తిట్లు పిల్లికూన అరిచినట్టు వినపడవూ?" అని ఆవిడ టైమింగ్ రూము కిటికీ వెనక కంప్యూటర్ ముందు కూర్చున్న కళ్ళజోడాయన వైపు తిరిగింది. "మీ దగ్గర ముప్ఫై చిప్పుల లెక్కలున్నాయి కదండీ. ఈ ఐదు టైములూ ఇదే వరసలో ఏ చిప్పులో ఉన్నాయో వెతకండి."

"వెతకండి, వెతకండి," అన్నాడు కోచ్ హుషారుగా. "చిప్పులు మార్చుకున్న ఆ రెండో దొంగ ఎవరో తేలిపోతుంది. ఇద్దర్నీ కలిపి ఏడాదిపాటు ట్రాక్ మెట్లెక్కనివ్వను."

కళ్ళజోడాయన ఒక్కో లెక్కా తిప్పుతూ పోయాడు. ఒకచోట ఆగి, వేలితో ఐదు వరసలూ సరిచూసుకున్నాడు.

"దొరికింది. ఐదుకి ఐదూ కలిశాయి. పదో వంతు సెకను కూడా తేడా లేదు."

"పేరు చదవండి," అన్నాడు కోచ్.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"గట్టిగా చదవండి, అందరూ వినాలి!"

"మీ పేరే సార్." ఆయన గొంతు సగానికి తగ్గింది. "మీ షీటు ఇంకా ప్రింటు తియ్యలేదు. పొద్దున ఆవిడకీ మీకూ చిప్పులు ఒకేసారి ఇచ్చాను. నా చేతిలోనే తారుమారైనట్టున్నాయి."

ఎర్ర గీత ఉన్న కాగితం తీసి ఆవిడ కోచ్ చేతిలో పెట్టింది.

"అయితే ఈ ఒకటీ యాభై ఎనిమిది మీది సార్. మీరే ఉంచుకోండి, నాకైతే ఇది మరీ నిదానం."