పక్క స్టాలు వాళ్లు

ఆటోలోంచి దించిన అట్టపెట్టెలు గేటు దగ్గరే ఉండిపోయాయి.

ధనలక్ష్మి చుట్టూ చూసింది. మాసిన తువ్వాలు భుజాన వేసుకుని, చేతులకు మట్టి అంటిన మనిషి ఒకడు గోడ పక్కన కనిపించాడు.

"ఓ బావూ, కాసింత సెయ్యేస్తావా?"

అతను వచ్చి పెట్టెలు నెత్తికెత్తుకున్నాడు. స్టాల్లో దించాక డబ్బులివ్వబోతే వద్దన్నాడు.

"నీ పేరేటి?"

"తవిటయ్యండమ్మా."

అలా ఆ హస్తకళల ప్రదర్శనలో తవిటయ్య అందరికీ కూలీ అయిపోయాడు.

వైజాగ్ బీచ్ రోడ్డు పక్కన మైదానం. చవితి ముందు రోజులు. షామియానాల కింద వరసగా స్టాళ్లు, ఓ పక్కన హాలు.

ధనలక్ష్మివి ఏటికొప్పాక లక్కబొమ్మలు. కుడిపక్క గాజువాక రోజలిన్‌వి లేసు అల్లికలు. ఎడమపక్క నీలకంఠానివి పొందూరు ఖద్దరు చీరలు.

మర్నాటికే ముగ్గురూ ఒకే ఇంటివాళ్లలా అయిపోయారు. ఒకరు టీకి వెళ్తే మిగతా ఇద్దరూ ఆ స్టాలు చూసుకునేవారు. ధనలక్ష్మికి బేరమాడ్డం రాదని ఆమె బొమ్మలకి నీలకంఠమే బేరమాడేవాడు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే ఎవరి కూర ఎవరిదో తెలిసేది కాదు.

"మనకి మనమే కదేటి," అనేవాడు నీలకంఠం, రోజలిన్ తెచ్చిన చేపముక్క అందుకుంటూ.

తవిటయ్య అటూ ఇటూ తిరుగుతూ వచ్చి కాస్త దూరంగా నిలబడేవాడు. రోజలిన్ కాగితం ప్లేటులో ఇంత అన్నం పెట్టి ఇచ్చేది. తీసుకుని, నిలబడే తినేవాడు.

కూర్చోమని ఎవరూ అనలేదు.

ఒకరోజు అతను ఒక లక్కబొమ్మ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"నున్నగా వొచ్చిందమ్మా. ఎవరు సేసినారు?"

"నానే. మా ఆయనకి పోయినేడు పక్షవాతమొచ్చి సెయ్యి పడిపోనాది. ఆయన పక్కన కూకోని సెప్తంటే నాను సేసినాను. నా సేత్తో సేసిన మొదటి బొమ్మలివి."

తవిటయ్య బొమ్మని పసిపిల్లని పడుకోబెట్టినట్టు బల్లమీద పెట్టాడు.

"మొదటివంటే పేనమేనమ్మా. నాను కూడా..."

ఇంతలో కొనేవాళ్లొచ్చారు. ధనలక్ష్మి అటు తిరిగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం సముద్రం మీద ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది.

గాలి ముందొచ్చింది. షామియానా తాళ్లు పటపటా తెగాయి. వెనకే వాన.

"హాల్లోకి! సరుకు హాల్లోకి మార్చండి!" ఎవరో అరుస్తున్నారు.

నీలకంఠం చీరల మూట ఎత్తబోయి, కాలు జారి మూటతో సహా కూలబడ్డాడు. రోజలిన్ లేసు గుడ్డలు గుండెకి హత్తుకుని ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయింది.

తవిటయ్య వాళ్ల ముందునుంచే పరుగెడుతున్నాడు, మైదానం ఆ చివరికి.

"ఏయ్ తవిటయ్యా! ఎక్కడికెల్తన్నావ్? ఇటు రా!" నీలకంఠం కేకేశాడు.

తవిటయ్య ఆగాడు. ఆ చివరికేసి చూశాడు.

"బాబూ, నా బొమ్మలు!" ధనలక్ష్మి ఏడుస్తోంది. "తడిస్తే కర్ర ఉబ్బి రంగులన్నీ లేచిపోతాయి బాబూ! ఇంటికెల్లి ఆయనకేటి సూపించను?"

తవిటయ్య ఇంకొక్క క్షణం అలాగే ఉన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి వచ్చి ఆమె పెట్టెలు ఎత్తుకున్నాడు.

వానలో హాలుకీ స్టాళ్లకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. బొమ్మల తర్వాత చీరలు. చీరల తర్వాత లేసు. ఆఖరి పెట్టె మీద తన తువ్వాలు కప్పి, తను తడుస్తూ తెచ్చాడు.

వాన వెలిసింది. ఒక్క బొమ్మ రంగు చెదరలేదు.

ధనలక్ష్మి రోజలిన్‌ని పట్టుకుని ఏడ్చింది, నవ్వింది. నీలకంఠం అందరికీ టీ తెప్పించాడు.

"తవిటయ్యేడీ?" అడిగింది రోజలిన్.

"ఇంకెవరికో మోస్తంటాడు. వొస్తాడ్లే."

రాలేదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ అతని కోసం బయల్దేరారు. నీలకంఠం కొత్త ఖద్దరు పంచె తెచ్చాడు. రోజలిన్ ఇంటి దగ్గర్నుంచి క్యారేజీ తెచ్చింది. ధనలక్ష్మి తన బొమ్మల్లోకెల్లా మంచిది ఏరింది.

"ఇయ్యాల మన మధ్యన కూకోబెట్టి అన్నం పెట్టాలి," అంది.

ఎక్కడుంటాడో అడుగుదామని వెళ్తే, ప్రదర్శన మేనేజరు గురునాథరావు మైదానం ఆ చివర, స్టేజీ వెనక స్టాలు దగ్గర ఉన్నాడు. మనుషుల్ని పెట్టి బల్లలు కడిగిస్తున్నాడు. ఆ మూలకి వీళ్లు ముగ్గురూ ఎప్పుడూ వెళ్లలేదు.

బల్లల నిండా బురద.

దగ్గరికెళ్లాక తెలిసింది, బురద కాదు. కాల్చని మట్టితో చేసిన వినాయకుళ్లు. ఒక తొండం, ఒక చెవి, సగం కరిగిన పొట్ట. కారిపోయిన పసుపూ కుంకుమ రంగులు.

"అయ్యయ్యో! వినాయక సవితి సరుకంతా పోనాదే!" నీలకంఠం నోరు నొక్కుకున్నాడు. "ఎవరిదండీ ఈ స్టాలు?"

"పాలకొండ అవతల ఏదో ఊరు. పొద్దున ఫస్టు బస్సుకి వెళ్లిపోయాడు. ఇంకేం అమ్ముతాడు?"

ధనలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన బొమ్మలకే ఆ గతి పట్టుంటే?

"పాపం, అంత వానొత్తంటే ఆయన ఇక్కడ లేడేటండీ?"

గురునాథరావు ఆమెకేసి వింతగా చూశాడు.

"తవిటయ్యా? నిన్న మీ సరుకంతా హాల్లోకి మోస్తున్నాడు కదమ్మా."